ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది

మా నాన్నగారికి కోపం వస్తే కేకలు వేసేవారు కాదు. మాటలు గ్రాంథికంలోకి మారిపోయేవి. "ఎందుకు రాయలేదే?" అనవలసిన చోట "ఏల వ్రాయలేదు?" అన్నారంటే ఇంట్లో పిల్లి కూడా అటు పోయేది కాదు. పెద్దాపురం దగ్గర మిషను వాళ్ళ మగపిల్లల బడిలో ఆయన తెలుగు చెప్పేవారు. ఆదివారం దేవుడికి, మిగతా వారమంతా వ్యాకరణానికి. బడి అయిపోయాక మిగిలిన వ్యాకరణం నా మీద పడేది.

తెలుగులో పేర్లకి రెండిళ్ళు ఉన్నాయనేవారు. దేవుడూ మగవాళ్ళూ ఉండేది మహత్తు. మిగతావన్నీ అమహత్తు. అన్న వచ్చాడు. బండి వచ్చింది. ఆవు వచ్చింది.

"మరి అమ్మో?" అన్నాను ఓసారి.

"అమ్మ వచ్చింది" అన్నారు నాన్నగారు.

అంటే అమ్మ ఆవు పక్కన, నేను బండి పక్కన. నా మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది. "ఒక్కతే ఉంటేనే అలా. పదిమంది ఆడవాళ్ళు కలిసి వస్తే 'వచ్చారు' అంటాం కదా, అప్పుడు మాతో చేరతారు" అని ఓదార్చారు. మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ ఒక్కతే. పైగా ఆయన "దాన్ని నీళ్ళు పెట్టమను", "అది వంట చేసిందా" అనేవారు. అందరి ఇళ్ళల్లోనూ అంతే కాబట్టి అందులో తప్పేమిటో నాకూ తెలియలేదు, అమ్మకీ తెలియలేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా ఆడపిల్లల బడికి రాజమండ్రిలో చదువుకున్న పంతులమ్మగారు వచ్చారు. సన్నగా, తెల్లచీరలో, చేతిలో ఒక నల్ల గొడుగుతో. నా జీవితంలో చాలామంది పెద్దవాళ్ళని చూశాను, కానీ ఒక వస్తువుని ఆవిడ చూసినట్టు చూసే మనిషిని మళ్ళీ చూడలేదు. గొంగళిపురుగుని కూడా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని పలకరించినంత మర్యాదగా చూసేవారు. ఆవిడ చేసిన పనల్లా చెయ్యాలని, పెద్దయ్యాక రాజమండ్రి వెళ్ళి ఆవిడలాగే పంతులమ్మని కావాలని నాకు పిచ్చి పట్టుకుంది.

ఒకరోజు ఆవిడ చేటలో కొన్ని ప్రాణుల్ని పెట్టి తెచ్చారు. ఒక రొయ్య, ఒక పీత, ఒక బొమ్మిడాయి చేప, నత్తగుల్ల, కప్ప, బడి చూరు కింద చచ్చిపడి ఉన్న గబ్బిలం. "వీటిని మీకు తోచినట్టు వేరు చెయ్యండి" అన్నారు.

మాకు పని పెట్టడమే ఆలస్యం, చకచకా తేల్చేశాం. కూర వండుకునేవి ఒక పక్క, వండుకోనివి ఒక పక్క.

ఆవిడ నవ్వలేదు. "వంటింటికి ఇది సరిపోతుంది. ఇప్పుడు ఆకలి లేకుండా చూడండి" అన్నారు. ముందు ఒకరి వీపు ఒకరిని తడమమన్నారు. గొలుసులా తగిలేది వెన్నెముక అన్నారు. అది ఉన్నవెన్నో లేనివెన్నో చూడమన్నారు. బొమ్మిడాయికి ఉంది. కప్పకి ఉంది. రొయ్యని విరిచి చూస్తే పైన పెంకే గాని లోపల ఎముకన్నదే లేదు. పీతకీ అంతే, నత్తకీ అంతే. రొయ్య చేప కాదని మాకు తెలిసింది ఆ పూటే. పుట్టిన దగ్గర్నుంచీ చేపల బుట్టలోనే చూశాం దాన్ని.

తరవాత గబ్బిలం. ఎగురుతుంది కాబట్టి పిట్ట అన్నాం. ఆవిడ దాని రెక్క విప్పి భూతద్దం మా చేతికిచ్చారు. ఈక ఒక్కటీ లేదు. వొళ్ళంతా మెత్తని బొచ్చు, చిట్టి చెవులు, పళ్ళు. "ఇది గుడ్డు పెట్టదు. పిల్లని కని పాలిస్తుంది" అన్నారు. ఎక్కడ ఉంటుంది, ఎలా తిరుగుతుంది అన్నది చూస్తే మోసపోతామని, వొంటి అమరిక చూడాలని చెప్పారు. వెన్నెముక ఉన్నవాటిలో చేపలొక తరగతి, కప్పలొకటి, పాములూ బల్లులూ ఒకటి, పక్షులొకటి, వొంటిమీద వెంట్రుకలుండి పిల్లలకి పాలిచ్చేవి ఒకటి. గబ్బిలం పక్షుల్లోంచి లేచి వెళ్ళి ఆవు పక్కన కూచుంది. లోకం మొత్తాన్ని సర్ది గూళ్ళల్లో పెట్టచ్చని తెలిసిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తే.

"మరి మనం ఎందులో?" అని అడిగారు ఆవిడ. నేను నా చేతిమీది నూగు చూసుకున్నాను. మా ఇంట్లో పాలు తాగుతున్న చంటి తమ్ముడు గుర్తొచ్చాడు. లేచి నిలబడి, "ఆవు పక్కనేనండి" అన్నాను.

ఆ గర్వంతో ఇంటికి వచ్చి, నాన్నగారు అన్నం తింటూ ఉండగా అంతా చెప్పేశాను. "శాస్త్రంలో కూడా అమ్మా నేనూ ఆవు పక్కనే నాన్నగారూ. కానీ అక్కడ మీరు కూడా ఉన్నారు."

ముద్ద చేతిలో ఆగిపోయింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు. "రేపటినుండి నీవు బడికి పోవలదు."

గ్రాంథికం. ఇక అప్పీలు లేదు. అమ్మ నన్ను దగ్గరకి తీసుకుని, "ఆ గబ్బిలం గొడవ నీకెందుకే" అని కళ్ళు తుడిచింది. నేను మాత్రం గబ్బిలాన్ని తప్పు పట్టలేకపోయాను. బడి లేకపోతే రాజమండ్రి లేదు, రాజమండ్రి లేకపోతే ఆవిడలా కావడం లేదు. ఎంత ఏడ్చినా నాన్నగారు పుస్తకంలోంచి తలెత్తలేదు.

శనివారం సాయంత్రం గొడుగు మా గుమ్మం ముందు ఆగింది. "పంతులమ్మగారు వచ్చారు, కుర్చీ వెయ్యి" అన్నారు నాన్నగారు. ఆవిడ కూచోగానే ఆయన మొదలుపెట్టారు. "మనుష్యుని పశువులలో జేర్చు చదువు మా యమ్మాయికి వలదండి."

ఆవిడ ఎదురు చెప్పలేదు. "మాస్టారూ, మీరు మాటల్ని దేన్నిబట్టి వేరు చేస్తారండి?" అని అడిగారు.

వ్యాకరణం అడిగితే మా నాన్నగారికి కోపం నిలవదు. "దేన్నిబట్టేంటండి, లక్షణాన్ని బట్టి. చివర ఏం చేరుతుంది, క్రియతో ఎలా కలుస్తుంది, అది చూస్తాం."

"గొప్పదా కాదా అని చూడరు కదండి?"

"అబ్బే, దానికీ దీనికీ సంబంధమేంటండి" అన్నారు. మహత్తు అంటే గొప్పది అని నాకు నేర్పింది ఆయనే. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తట్టినట్టుంది, గొంతు సవరించుకున్నారు.

"మేమూ అంతేనండి" అన్నారావిడ. "ఎవరు గొప్పో మా లెక్కలోకి రాదు. వెన్నెముక ఉందా, వెంట్రుకలున్నాయా, పిల్లకి పాలుంటాయా, అంతవరకే. మనిషి మాటలాడతాడు, ప్రార్థన చేస్తాడు. అది మీరు చెప్పే పాఠం. నేను చెప్పేది వొంటి సంగతి."

నాన్నగారు ఇంకో ప్రశ్న వేశారు. "ఆ తరగతికి ఇంగ్లీషులో పేరేంటండి?"

"మామల్స్ అండి" అన్నారావిడ.

"దానికి అర్థం?"

అంతటి ఆవిడా తడబడ్డారు. పరాయి మగవాడి ముందు ఎలా చెప్పాలో తెలియక లోపలికి చూశారు. గడప అవతల అమ్మ చంటివాణ్ణి కొంగు చాటున పెట్టుకుని పాలిస్తోంది. "అదేనండి" అన్నారు పంతులమ్మగారు నెమ్మదిగా. "తల్లి రొమ్ము అని. ఏనుగులూ, సింహాలూ, రాజులూ, మీరూ, అందరూ ఉన్న తరగతి అది. మగవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అయినా అందరికీ కలిపి ఆ పేరే పెట్టారు."

నాన్నగారు అటు తిరిగి చూశారు. అమ్మకి ఏ మాటా సరిగా వినపడలేదు. తననేదో తెమ్మంటున్నారనుకుని, "మజ్జిగ తేనాండి?" అంది.

ఆవిడ మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. నన్ను పంపమని ఒక్క మాట కూడా అడగలేదు. నాన్నగారు చీకటి పడేదాకా పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ "పాలిచ్చునవి, పాలిచ్చువారు" అని గొణుక్కున్నారు. ఆదివారం చర్చికి వెళ్ళివచ్చాక కూడా బడి మాట ఎత్తలేదు. నేను ఆశ వదులుకున్నాను.

సోమవారం పొద్దున్న జుట్టు విరబోసుకుని అరుగుమీద కూచున్నాను. నాన్నగారు చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగారు.

"మీ అమ్మగారు ఇంకా జడ వెయ్యలేదా? ఎప్పుడు వేస్తారు? బడికి వేళయింది."

వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చింది. తడిచేతులతోనే కొంగు భుజం నిండా కప్పుకుని, వీధి గుమ్మం వైపు తొంగి చూసింది.

"ఏ అమ్మగారండి? ఎవరొచ్చారు?"