ఎడమ మూలలో నేనున్నాను

ఏడు ఆటలకు ఏడు విశ్లేషణలు రాశాను. ఇప్పటిదాకా ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఎల్లారెడ్డి బడిలో ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన మా జట్టువాళ్ళం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఫైనల్ సిరీస్ గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్నది. పెట్టింది నేనే. మూడో ఆట అయ్యాక, రెండు జట్లు ఏం చేస్తున్నాయో, ఎక్కడ పొరబడుతున్నాయో వివరంగా రాసి పెట్టాను. పది నిమిషాలకు ఒకరు గులాబి పువ్వు మీద శుభోదయం అని ఉన్న బొమ్మ పెట్టారు. దానికి ఆరు దండాలు వచ్చాయి. ఆనాటి మా జట్టు కెప్టెన్ చప్పట్ల బొమ్మ పెట్టాడు. నా రాత కింద ఏమీ లేదు. ఎవరెవరు చదివారో ఫోను చూపిస్తుంది. చూశాను. అందరికంటే ముందు చదివింది కెప్టెనే.

ఇది చిన్న విషయమని మా ఇంటావిడ అన్నది.

"గా పువ్వుకు దండం పెట్టుకుంటే నీదేం పోయింది?"

"నాదే పోయింది" అన్నాను.

పువ్వుకు జవాబిచ్చి మనిషికి ఇవ్వకపోవడం చిన్న విషయం కాదు. నేను మరిచిపోయే మనిషిని కాను.

కామారెడ్డిలో నాది మోటారు వైండింగ్ దుకాణం. బోరు మోటారు కాలిపోతే రైతులు నా దగ్గరికి తెస్తారు. తాడ్వాయి నుంచి, రాజంపేట నుంచి కూడా వస్తారు. కాలిన తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. చుట్ల లెక్క తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. అందుకే ఏదైనా వరుస తప్పకుండా చూడడం నాకు అలవాటైంది. అమెరికా రాత్రి ఆటలు మనకు పొద్దున వస్తాయి. షట్టరు సగం ఎత్తి, ఫోనును వార్నిష్ డబ్బాకు ఆనించి చూస్తాను. ఏ మోటారుకు ఎన్ని చుట్లో రాసుకునే నోటుపుస్తకం ఒకటుంది. దాని వెనకవైపు నుంచి ఆటల గురించి రాస్తాను.

ఆ సిరీస్‌లో ఒకటి ఎర్ర బనియన్ల జట్టు, ఇంకొకటి తెల్ల బనియన్ల జట్టు. నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్ళదే కప్పు. మొదటి రెండూ తెల్ల జట్టు గెలిచింది. ఎర్ర జట్టు పెద్ద ఆటగాడు అలిసిపోయాడని గ్రూపులో అందరూ తేల్చేశారు. కాదు. అతను బంతి తీసుకుని నడుమకు వచ్చినప్పుడల్లా ఇద్దరు మీద పడుతున్నారు. ఆ రెండోవాడు ఎవరినో వదిలి రావాలి కదా. ఎవరిని వదులుతున్నాడు? ఆట మళ్ళీ పెట్టి చూశాను. దాదాపు ప్రతిసారీ ఎడమ మూలలో ఉన్నవాణ్ణి వదిలి వస్తున్నాడు. ఆ మూలవాడు ఒంటరిగా, అరచేతులు తెరిచి నిలబడి ఉంటాడు. బంతి రాదు. చేతులు మెల్లగా దిగిపోతాయి. మళ్ళీ వెనక్కు పరుగెత్తుతాడు.

మూడో ఆట ఎర్ర జట్టు గెలిచింది కానీ అది తెల్లవాళ్ళ బంతులు పడక గెలిచిన గెలుపు. అలాగే రాశాను. ఎడమ మూలకు బంతి ఇవ్వనంతకాలం ఈ జట్టు బాగుపడదని కూడా రాశాను. ఆ రాత కిందే పువ్వు వచ్చింది.

నాలుగో ఆటలో వాళ్ళ కోచ్ ఆ మూలలో ఒక ముదురు ఆటగాణ్ణి నిలబెట్టాడు. ఎక్కువ పరుగెత్తడు, ఎగరడు, చేతికొచ్చిన బంతిని నింపాదిగా వేస్తాడు. బంతి ఆ మూలకు రావడం మొదలైంది. నాలుగూ ఐదూ ఎర్ర జట్టువే. నేను చెప్పినట్టే అయిందని గ్రూపులో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఆరో ఆటలో తెల్లవాళ్ళు మేలుకుని మూలను వదలకుండా కాపలా కాశారు. గెలిచారు. మూడుకు మూడు అయింది.

ఎడమ మూల గురించి నాకెందుకంత పట్టింపో చెప్పాలి.

మా బడి వెనక సిమెంటు కోర్టు ఉండేది. ఒక రింగు విరిగిపోతే మిగిలిన రింగు వైపే ఆడేవాళ్ళం. రింగుకు ఎదురుగా నిలబడితే కుడివైపు బడి నీడ పడేది. ఎడమ మూలలో పొద్దు గూకేదాకా ఎండ ఉండేది. సిమెంటు నేల కనబడితే గింజలు ఎండబోయడం మావాళ్ళ పద్ధతి. మక్కలు, అంటే మొక్కజొన్నలు, చేతికొచ్చే రోజుల్లో ఆ మూల నిండా మక్కలే. గింజల మీద కాలు పెట్టకూడదు కాబట్టి ఎవరూ అటు పోయేవాళ్ళు కాదు. మిగిలిన జాగాలో ఆడుకునేవాళ్ళం. బడుల పోటీలు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చేవి.

మా ఆఖరి ఏడు ఫైనల్ కామారెడ్డిలో జరిగింది. అక్కడి కోర్టు శుభ్రంగా ఊడ్చి ఉంది. నాలుగు మూలలూ ఖాళీ. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి సెకన్లు, ఆట నడిపే సారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. కెప్టెన్ బంతి తీసుకుని నడుమకు దూసుకెళ్ళాడు. ఇద్దరు మీద పడ్డారు. నన్ను కాసేవాడు నన్ను వదిలి పోయాడు. నేను ఎడమ మూలలో చేతులు తెరిచి నిలబడి "ఇటూ! ఇటు!" అని అరిచాను. కెప్టెన్ ఆ ఇద్దరి చేతుల మీదుగా తనే వేశాడు. బంతి రింగు అంచుకు తగిలి బయటికి పోయింది. విజిల్ పడింది.

తిరుగు బస్సులో కెప్టెన్ ముందు సీట్లో మా బడి పీఈటీ సారు పక్కన కూర్చున్నాడు. నేను లేచి వెళ్ళి అడిగాను.

"నేను నీకు కనబడలేదారా?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. సారు నా మీద గరమయ్యాడు.

"ఊకోరా! ఓడిన ఆటకు పంచాది ఏంది? పోయి కూసో."

పోయి కూర్చున్నాను. తర్వాత అతని పెళ్ళిలో అడిగాను. "అన్నం తిన్నవా?" అన్నాడు. మా దుకాణం పూజకు వచ్చినప్పుడు అడిగాను. "జాగ మంచిగ దొరికింది నీకు" అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశాను. మరిచిపోయి మాత్రం కాదు.

ఏడో ఆట అలాంటిదే అయింది. ఎర్ర జట్టు ఒక్క పాయింటు వెనక. పెద్ద ఆటగాడు నడుమకు వచ్చాడు. ఇద్దరు మీద పడ్డారు. నేను స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. అతను చూడను కూడా చూడకుండా బంతిని ఎడమ మూలకు పంపాడు. అక్కడ చేతులున్నాయని అతనికి తెలుసు. ఆ ముదురు ఆటగాడు నింపాదిగా వేశాడు. బంతి రింగు మీద తిరిగి తిరిగి బయట పడింది. కప్పు తెల్లవాళ్ళకు పోయింది.

గ్రూపు ఒక్కసారిగా లేచింది. పిచ్చోడన్నారు, తనే వేసుకుంటే గెలిచేవాడన్నారు. నేను ఒకటే రాశాను: ఓడినా సరే, ఇవ్వడమే సరైన ఆట. దాని కిందే కెప్టెన్ రాశాడు. నాకు కాదు, అందరికీ. "గందుకే ఎవ్వరికి ఇయ్యొద్దు."

మరునాడు ఆదివారం. నోటుపుస్తకం తీసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

కెప్టెన్‌ది ఎరువుల దుకాణం. నన్ను చూసి కౌంటరు వెనక నుంచే నవ్వాడు.

"వస్తవని తెల్సురా. బస్సుకొచ్చినవా, బండి మీదొచ్చినవా?"

"జవాబు కోసమొచ్చిన."

"ముందుగాల చాయ తాగు."

యూరియా కోసం వచ్చిన ముసలాయన నా చేతిలో పుస్తకం చూసి గొంతు తగ్గించాడు. "ఏంది సేటు, ఆఫీసోళ్ళా? స్టాకు చూడవచ్చిన్రా?"

"ఆఫీసోడు కాదు బాపు. మా జట్టోడు. కామారెడ్డిల మోటార్లు చుడతడు. చుట్టిందే మళ్ళ మళ్ళ చుడతడు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పుస్తకం తెరిచి, ఏడో ఆట ఆఖరి ఎత్తు గీసిన పేజీ కౌంటరు మీద పెట్టాను.

"ఇగో, ఇద్దరు మీదికొచ్చిన్రు. ఈ మూల ఖాళీ. ఇచ్చిండు. గదే కరెక్టు."

"పడలే కదరా. కప్పు పోయె."

"పడుడు ఎవ్వని చేతుల లేదు. ఇచ్చుడు చేతుల ఉన్నది."

కెప్టెన్ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని ఆ గీతలు చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"నీకిస్తే పడుతుండెనా?"

ఏ ఆట గురించో ఇద్దరికీ తెలుసు. అతనూ మరిచిపోలేదని నాకు అప్పుడే తెలిసింది.

"తెల్వదు. పడకపోతుండెనేమో. నేనడిగేది గది కాదు. ఆనాడు నేను నీకు కనబడ్డనా, లేదా?"

అతను నోరు తెరిచాడు. అంతలో ముసలాయన కౌంటరు మీద తట్టాడు. "సేటు, మీ ముచ్చట పాడుగాను, నాకు రెండు సంచులిచ్చి తోలు. బస్సు పోతది."

కెప్టెన్ లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. చాయ చల్లారిపోయాక తాగాను. "మళ్ళ మాట్లాడుదాం తియ్" అన్నాడు సంచి మోస్తూ.

బస్సుకు ఇంకా సమయముంది. బడి వైపు నడిచాను. విరిగిన రింగు స్తంభం ఇప్పుడు లేదు. రెండో రింగు ఉంది, దానికి వల లేదు. ఎడమ మూలలో యాసంగి పంట మక్కలు పోసి ఉన్నాయి. నేను సరిగ్గా ఆనాటి జాగాలో నిలబడి చూద్దామని అటు నడిచాను. మక్కలు కాలితో తిరగేస్తున్న ఒక అవ్వ చెయ్యి ఊపింది.

"ఓ బిడ్డా, అటు రాకు! గింజల మీద కాలు వెట్టకు!"

ఎత్తిన కాలు అలాగే ఆగింది. ఆ మాటలు నావి. ఇదే చోట నిలబడి నేను అరిచిన మాటలు. "అరేయ్, అటు పోకుండ్రి! మా బాపు మక్కలు!"

అవును. ఆ మూలలో పోసినవి మా నాన్న మక్కలే. ఇందాక రాయలేదు. ఇన్నేళ్ళ నా ఫిర్యాదులో ఎక్కడా రాలేదు. మక్కల కాలం వచ్చిందంటే రోజూ ఆటకు ముందు ఆ అంచున కాపలా నిలబడేవాణ్ణి. ఒకసారి బంతి మక్కల్లోకి పోతే తేవడానికి కెప్టెన్ ఉరికాడు. అందరి ముందు అతని అంగీ పట్టి గుంజి, కండ్లు నెత్తికెక్కినయారా అని తిట్టాను. అతను కాలివేళ్ళ సందుల్లో ఇరుక్కున్న గింజలు ఒక్కొక్కటే తీసి మక్కల్లో వేసి వచ్చాడు. అటు చూడొద్దని, అటు ఏమీ లేదనుకొమ్మని మూడేళ్ళు అతనికి నేర్పింది నేను. కామారెడ్డి కోర్టులో మక్కలు లేవు. అతని కళ్ళకు ఉన్నాయేమో.

సిమెంటు మీద కూర్చున్నాను. అమెరికా ఆటగాళ్ళ చూపు ఎటు పోతుందో ఏడు ఆటలు కూర్చుని లెక్కపెట్టినవాణ్ణి, ఈ ఒక్క చుట్టు లెక్కలోకి తీసుకోలేదు. దాచిపెడితే నా విశ్లేషణ తప్పుతుంది కాబట్టి రాస్తున్నాను.

అయితే ఇది నా ఊహ. ఆనాడు అతని కళ్ళు ఎటు పోయాయో చెప్పవలసింది అతను. మక్కల అలవాటు వల్ల అటు చూడలేదంటే, తప్పు నాదని గ్రూపులో అందరి ముందు ఒప్పుకుంటాను. చూసి కూడా, వీడి చేతికిస్తే పోతుందనుకున్నాడంటే, ఆ మాటా మోస్తాను. ఇదంతా ఎనిమిదో విశ్లేషణగా ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. అందరికంటే ముందు కెప్టెనే చదివాడు. ఆ మక్కలు ఎత్తేశారు. వానలు పడ్డాయి. పువ్వుల బొమ్మలు ఇంకో రెండు వచ్చాయి. జవాబు లేదు.

కెప్టెన్, ఇది తొమ్మిదోది. దీన్నీ నువ్వే ముందు చదువుతావు. నీ దుకాణంలో నోరు తెరిచి ఆగిపోయావే, ఆ మాట ఏమిటి? అన్నం తిన్నావా అని అడగకు, చాయ తాగమని అనకు. ఆనాడు ఎడమ మూలలో నేను నీకు కనబడ్డనా, లేదా? జవాబియ్యి.