పెద్ద తెర మీద మా తోడల్లుడు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాతల వల్లే కదా ఇవాళ తల దించుకున్నది.

మా పాత కంప్యూటరులో చిన్న అక్షరాలు నా కళ్లకు ఆనడం లేదని, దాన్ని కొత్త టీవీకి తగిలించడానికి మా తోడల్లుడు సుబ్బారావు తీగ పట్టుకుని రేపల్లె నుంచి తెనాలి వచ్చాడు. (రైలు సరైన వేళకే వచ్చిందట. ఆ వింత గురించి విడిగా రాయాలి.) టీవీ చాలాసేపు "సిగ్నల్ లేదు" అని మొండికేసింది. అతనే రిమోటు నొక్కి నొక్కి, చివరికి బొమ్మ తెప్పించాడు.

"అన్నయ్యగారూ, అక్షరాలు ఆనుతున్నాయేమో, ఏదన్నా తెరిచి చూడండి."

నేను దర్జాగా నా రాతల్లో మొదటి ఫైలు నొక్కాను. వసారాలోకి కూడా కనబడేంత పెద్ద అక్షరాలు పడ్డాయి: "మా తోడల్లుడు రేపల్లె రేడియో. పెనుమూడి రేవులో పడవెక్కిన కథ ఎత్తుకున్నాడంటే, అక్కడ వంతెన కట్టడం పూర్తయినా ఆ పడవ అవతలి ఒడ్డు చేరదు."

అతను పైకే చదివాడు.

"ఇంకా రేడియో ఏంటండి? టీవీలోకి వచ్చేశాను కదా!" అన్నాడు. నవ్వింది అతనొక్కడే.

తర్వాత శబ్దం రావడానికి ఇంకో తీగ కలిపాడు. ఆ కలుపుతున్నంతసేపూ ఒక్క మాట లేదు. అంతటి మాటకారి నోరు నేనే కట్టేశాను. భోజనానికి ఉండమన్నా ఉండలేదు.

ఇలాంటప్పుడు క్షమాపణ ఏ మాటతో మొదలుపెట్టాలో, తెలిసినవాళ్లు చెప్పండి.

సాయంత్రం ఏడింటికి ఫోన్ చేశాను. మా మరదలు ఎత్తి, "ఆయన పడుకున్నారు బావగారూ" అంది.