రైవాడలో రివర్స్ పడని పడవ

రైవాడ రిజర్వాయరుకి ఎలా వెళ్ళాలో చెప్పమని నాకు తెలిసినవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఈసారి నేను వెళ్ళింది నీళ్ళు చూడ్డానికి కాదు, ఒక మొండి మోటారు సంగతి తేల్చడానికి. చోడవరంలో ఉండే మా బాబాయి దసరాకి ముందు సముద్రపొడ్డున పూడిమడకలో ఒక పాత పడవ మోటారు కొన్నాడు. పడవ వెనక చెక్కకి బిగించి నడుపుకునే రకం; పడవ గట్టు దగ్గరే జాలర్ల దగ్గర అద్దెకి దొరికింది. చెరుకు పండించుకునే మనిషికి పడవెందుకంటే, మా పిన్ని చెల్లెలి కోసం. ఆవిడది రిజర్వాయరు అవతలి గట్టున చిన్న ఊరు. జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. వానలకి ఆ ఊరి దారిలో కల్వర్టు కొట్టుకుపోయి ఆటోలు మానేశాయి. చెల్లెలు పడ్డాక పిన్ని ఒక్కసారీ వెళ్ళి చూడలేకపోయింది.

మోటారైతే వచ్చింది గాని రివర్స్ పడటం లేదు. మొదటిసారి పడవ నీళ్ళలో దింపినరోజే బాబాయి దాన్ని ఆపలేక గట్టు రాళ్ళకి గుద్దేశాడు. పిన్ని అక్కడే ఉంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "సూడమ్మా, గడప దాటేటప్పుడు మనం ఎల్లొస్తానంటాం గాని ఎల్తాననం గదా. ఈ మోటారుకి ఎల్లడమే తెల్సు, రావడం తెల్దు. దీన్లో నానెక్కను" అంది. నేను విశాఖలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. మా ఇంట్లో మిక్సీ ఆగినా, పక్కింట్లో పంపు ఆగినా నన్నే పిలుస్తారు. ఇక పడవ ఒక్కటే మిగిలింది.

ఆదివారం పొద్దున్నే విశాఖలో బస్సెక్కాను. పెందుర్తి, సబ్బవరం మీదుగా చోడవరం చేరేసరికి రెండు గంటలు పట్టింది. టికెట్టు వందలోపే. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని దేవరాపల్లి షేర్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా చెరుకు మనిషెత్తు దాటి ఉంది. నా సంచి బరువు చూసి డ్రైవరు అడిగాడు: "ఏటమ్మా, బేగునిండా ఇనుమేనా?"

పడవ మోటారు బాగుచెయ్యాలన్నాను.

"పడవకి బ్రేకులుంటాయేటి?"

"రివర్సే దానికి బ్రేకు."

"పాడైంది అదేనా?"

అవునన్నాను. దేవరాపల్లిలో దిగేదాకా అతను నన్ను అద్దంలోంచి జాలిగా చూస్తూనే ఉన్నాడు.

అక్కణ్ణుంచి బాబాయి బండి మీద గట్టుకి తీసుకెళ్ళాడు. పిన్ని మధ్యాహ్నం భోజనాలు వండి తెస్తానందట. బాబాయి అప్పటికే ఎవరినో అడిగి, కింద గేర్లు అరిగిపోయాయని తీర్మానించుకున్నాడు. "విప్పీసి, కొత్తవి ఏసేద్దాం" అన్నాడు. ఈయనకి ట్రాక్టరైనా అంతే, తలనొప్పైనా అంతే, ముందు పెద్ద వైద్యమే గుర్తొస్తుంది. నీళ్ళలో మునిగి ఉండే గేర్‌బాక్స్‌ని ఊరికే విప్పకూడదు. మళ్ళీ బిగించేటప్పుడు వాషర్ ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా లోపలికి నీళ్ళొస్తాయి.

పడవని ఒడ్డుకి లాగించి, ముందు స్పార్క్ ప్లగ్గు వైరు పీకేశాను. నీళ్ళని తోసే ఫ్యాను చేత్తో తిప్పుతున్నప్పుడు ఇంజను అంటుకుంటే వేళ్ళు పోతాయి. తర్వాత గేర్‌బాక్స్ అడుగున స్క్రూ కొంచెం వదులు చేసి ఆయిలు చూశాను. నల్లగా ఉంది గాని నీళ్ళు కలిసి పాలలా తెల్లబడలేదు, ఇనప రజను లేదు. గేర్లు అరిగితే రజను కనిపించాలి. ఇక లివరు. న్యూట్రల్‌లో ఫ్యాను తేలిగ్గా తిరిగింది. ముందు గేరు వేస్తే పట్టుకుంది. వెనక్కి లాగితే లివరు సగంలో ఆగిపోయింది, ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది.

పైమూత తీసి, లివరుకీ కిందికి దిగే కడ్డీకీ మధ్య ఉన్న పిన్ను లాగేశాను. బాబాయిని ఫ్యాను మెల్లగా తిప్పమని, కడ్డీని నేనే చేత్తో జరిపాను. టక్కుమని రివర్స్ పడింది. అంటే కింద గేర్లు బాగానే ఉన్నాయి, అడ్డమేదో పైనే ఉంది.

"కొన్నప్పుడు రివర్స్ పడిందా?" అని అడిగాను.

"బంగారంలా పడింది. సూసే కొన్నాను."

"తర్వాత దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టలేదే. దసరాకి పూజ సేసేం, అంతే."

టార్చి వేసి లివరు వెనక చూశాను. ఆయిలుకి నల్లబడి, ఏదో ప్యాకింగులా, ఒక గుడ్డ ముడి. ప్లయరుతో లాగితే లోపలి మడతలో పసుపు కనిపించింది. ముడిలో వక్క. వక్క సంగతి తెలిసిందే, పళ్ళే విరుగుతాయి, లివరేం కదులుతుంది?

బాబాయి గొంతు తగ్గించాడు. "మీ పిన్నికి సెప్పకే. మట్టి అడ్డం పడిందందాం."

"ఆ గుడ్డ నాదే గదా" అంది పిన్ని. క్యారేజీతో మా వెనకే నిలబడి ఉంది. పైన కడితే తడిసిపోతుందని లోపల కట్టిందట. క్యారేజీ కింద పెట్టి ఆ ముడిని చేతిలోకి తీసుకుంది. "ఏ ఆపదొచ్చినా ఆపమని కట్టేను. ఇది రివర్సు ఆపింది" అంది. నాకు నవ్వాగలేదు గాని, ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. ఇన్నాళ్ళూ చెల్లెలికీ తనకీ మధ్య అడ్డం పడింది తన మొక్కేనని ఆవిడకి అర్థమైంది.

పిన్ను పెట్టి, గ్రీజు రాసి, మూత బిగించాం. భోజనాలయ్యాక ముందు నేనూ బాబాయీ ఒక చుట్టు తిరిగొచ్చి, ఒడ్డుకి బారెడు దూరంలో రివర్స్‌తో పడవ ఆపి చూపించాం. పిన్ని ఆ గుడ్డని నీళ్ళలో జాడించి, వక్క పారేసి, బాబాయి మణికట్టుకి కట్టింది. "మోటారుక్కాదు, తిప్పి తెచ్చేవోడికి కట్టాల" అంది. అప్పుడు ఎక్కింది.

యంత్రం మొరాయిస్తే అరిగిందేమిటా అని వెతుకుతాం. దాని మేలు కోరి మనం చేర్చిందేమిటో అడగం. మీరూ అలాంటి మోటారుతో నీళ్ళలోకి వెళ్ళేటట్టయితే ఒక్క మాట: పూజ చేసుకోండి, దారాలూ గుడ్డలూ మాత్రం కదిలే కడ్డీల దగ్గర కట్టకండి, ఒడ్డు వదిలేముందు రివర్స్ ఒకసారి వేసి చూడండి. ఆరోజు నేను గట్టునే కూర్చున్నాను. పొద్దు వాలే వేళకి పడవ తిరిగొచ్చింది. చెల్లెలితో ఏం చెప్పొచ్చావని పిన్నిని అడిగాను.

"ఏటి సెప్తాను? ఎల్లొస్తానన్నాను" అంది.