కరెంటు పోతేనే నాన్నకు పని

ఆ మెషిన్ కొన్నది అమ్మ చేతుల కోసం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత మా చుట్టాలందరూ వరసగా వచ్చి, "ఆశకి పోయి మెషిన్ కొన్నారు, ఇప్పుడు సూడు" అని మూతులు తిప్పి వెళ్లారు. ఆశా లేదు, పాడూ లేదు.

నర్సీపట్నం బజారులో మాది చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. నాన్న చిన్న సామాను చేసేవాడు. ముక్కుపుడకలు, చెవి దిద్దులు, మెట్టెలు, పసిపిల్లల మురుగులు, చర్చిలో పెళ్లిళ్లకు ఉంగరాలు. చేసిన ప్రతి వస్తువుకీ ఆఖరి మెరుగు అమ్మే పెట్టేది. కుంకుడుకాయ రసంలో నానేసి, పళ్లు తోముకునే బ్రష్షుతో, గోరంత ముక్కుపుడకని కూడా సందు సందునా రుద్దేది. తొంభైల్లో నేను బడికి వెళ్లే రోజుల్లో జడ వేయించుకుంటుంటే అమ్మ వేళ్లకి నా జుట్టు చిక్కుకునేది, అంత గరుకు. రెండువేలు దాటాక ఆ వేళ్లు పగిలి నెత్తురు కారడం మొదలైంది. అన్నంలో కారం కలిపితే మంట. స్పూనుతో తింటుంటే "దొరసానమ్మగారు భోంచేస్తున్నారు" అని నేనూ నాన్నా ఏడిపించేవాళ్లం. పగుళ్లు మణికట్టుదాకా పాకేసరికి ఆ వేళాకోళం మానేశాం.

అప్పుడు విశాఖపట్నం నుంచి బస్సులో వచ్చింది మాగ్నెటిక్ పాలిషర్. చూడ్డానికి ఏముంది, ఒక ఇనప పెట్టె, దాని నెత్తిన ప్లాస్టిక్ గిన్నె. గిన్నెలో నీళ్లు, కాస్త సబ్బు మందు, ఒక గుప్పెడు సన్నటి స్టీలు సూదులు పోయాలి. సూదులంటే కుట్టుకునేవి కావు, వెంట్రుకకన్నా కాస్త లావుగా ఉండే తునకలు. వస్తువులు వేసి స్విచ్ నొక్కితే, కింద పెట్టెలో అయస్కాంతం తిరుగుతుంది, పైన గిన్నెలో సూదులన్నీ లేచి వెర్రెత్తినట్టు గిరగిరా తిరుగుతాయి. బ్రష్షు దూరని సందుల్లోకి కూడా దూరి తోమేస్తాయి. కాసేపటికి ఒక పళ్లెం మెట్టెలు తళతళలాడుతూ బయటికొచ్చాయి. అమ్మ వాటిని దోసిట్లో పోసుకుని, "ఓలమ్మో! ఇన్నాల్లూ మరి నానేటి సేసినట్టు?" అంది.

"నువ్వు సేసిందే అదీ సేస్తాది. దానికి సేతులు పగలవు, అంతే" అన్నాడు నాన్న.

తిరిగేటప్పుడు అది అదిరి పక్కకి జరిగిపోతోందని, నీళ్లు పోయే తూము పక్కన సిమెంటు దిమ్మ కట్టించి బోల్టులు వేసి బిగించేశాం. నాన్న పీటకీ ఆ దిమ్మకీ మధ్య ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటు. అంతకన్నా దూరం పెట్టాలంటే కొట్టు గోడ పగలగొట్టాలి.

మెషిన్ సంగతి తెలిశాక పెద్ద కొట్ల వాళ్లు వెండి పట్టీలు, మొలతాళ్లు మెరుగుకి పంపడం మొదలుపెట్టారు. అప్పటికే బజారులో అచ్చు సామాను వచ్చిపడింది. చేత్తో చేసిన దిద్దులు కావాలని వచ్చేవాళ్లు తగ్గిపోయారు. చూస్తుండగానే మా ఇంట్లో పొయ్యి వెలగడం ఆ గిన్నె మీద ఆధారపడింది. నాన్న దానికేమీ బాధపడలేదు. తన పని తనకుంది, కృష్ణదేవిపేట నుంచి, నక్కపల్లి నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇంకా కొందరున్నారు.

ఒక వేసవి మధ్యాహ్నం నాన్న ఊదుగొట్టం నోట్లో పెట్టుకునే పక్కకి ఒరిగిపోయాడు. నిద్రపోయాడనుకున్నాం. అనకాపల్లి మీదుగా విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె కొట్టుకోవడం మధ్యమధ్యలో మానేస్తోందన్నారు. మెడ కింద ఎముక దగ్గర కోసి, లోపల చిన్న బేటరీ పెట్టారు. ఆ బేటరీ గుండెని పొడుస్తూ ఉంటుందట, ఆగకుండా. తిరిగి వచ్చేసే రోజు డాక్టరు "ఏం పని చేస్తారండీ?" అని అడిగాడు. నేను ఊరుకోవచ్చు కదా, మా మెషిన్ గురించి గొప్పగా చెప్పుకొచ్చాను. ఆయన రాయడం ఆపేశాడు.

"అయస్కాంతమా? అది ఈ బేటరీని తికమక పెట్టేస్తుందమ్మా. ఈయన్ని ఆ మెషిన్ ఛాయలకి రానివ్వకండి."

"నా పీట దాని పక్కనేనండి మరి" అన్నాడు నాన్న.

"పీట మార్చుకోండి."

ఎంత సులువుగా అనేశాడో! ఎక్కడికి మార్చాలి? మెషిన్ ఇంటికి తీసుకుపోదామంటే మేముండేది అద్దె వాటా, ఇల్లుగలావిడ ఫ్యాను రెండో నంబరులో తిరిగితేనే మీటరు చూసుకునే రకం. పోనీ నాన్న పని ఇంటి దగ్గర పెట్టుకుంటాడంటే, కుంపటి, యాసిడ్ వాసన తన ఇంట్లో కుదరదంది ఆవిడ. కొట్టు ముందు అరుగు మీద పీట వేసి చూశాం. గాలికి మంట నిలవదు. ఆకురాయితో రాస్తే రాలే బంగారు రజను రోడ్డు మీద దుమ్ములో కలిసిపోతుంది. పరాయివాళ్ల బంగారం అది. రెండు రోజులు ప్రయత్నించి నాన్నే పీట ఎత్తి లోపల పెట్టేశాడు.

"మెషిన్ అమ్మీద్దాం. నాను మళ్లీ కుంకుడురసం కలుపుకుంటాను" అంది అమ్మ.

నాన్న ఆవిడ చేతుల వైపు చూశాడు. అప్పుడప్పుడే చర్మం మెత్తబడి, వేళ్లు మామూలు వేళ్లలా అవుతున్నాయి. "ఒగ్గీ ఆ మాట. పట్టీలు ఎవులు పంపుతారు అప్పుడు? ఏటి తింటాం?" అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తనివ్వలేదు.

అలా మా నాన్న అరుగు మీదకి వచ్చేశాడు. పొద్దున్న కొట్టు తాళం తీసి అమ్మ చేతికిచ్చి, తను బయట కూర్చునేవాడు. లోపల మెషిన్ గరగరమంటుంటే బయట ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వచ్చేపోయే ఆటోలు చూస్తుండేవాడు. తెలిసినవాళ్లు "ఏటండీ బయట కూకున్నారు?" అంటే "గాలికి" అనేవాడు. మే నెలలో, వడగాడ్పులో, గాలికట! నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదో తెలిసేది కాదు. డాక్టరు మీదా? ఆయన ప్రాణం పోశాడు. మెషిన్ మీదా? అది అన్నం పెడుతోంది. బేటరీ మీదా? అది లేకపోతే నాన్నే లేడు. తిట్టుకోవడానికి కూడా ఒక్కళ్లూ దొరకని కష్టం అది.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను కదాని నేను పని నేర్చుకుంటానన్నాను. ఆయన గుమ్మం అవతల నుంచి చెప్పేవాడు, నేను పీట మీద కూర్చుని చేసేదాన్ని. "మంట తగ్గించు... అంత కాదే... సూడు, రంగు సూడు... తియ్, బేగి తియ్!" నేను తీసేలోపు దిద్దు కరిగి ముద్దయ్యేది. ఆయన చెయ్యి గాల్లో లేచి, పట్టకారు పట్టుకున్నట్టు రెండు వేళ్లు దగ్గరికొచ్చి, అలాగే ఒళ్లోకి పడిపోయేది. కోప్పడితే బాగుండేది. "పోన్లే, రేపు సూద్దారి" అనేవాడు.

ఇంతలో కరెంటు కోతలు మొదలయ్యాయి. పొద్దున్న కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు. మొదటిసారి కోత పడినప్పుడు మెషిన్ ఆగిపోయింది, కొట్టు నిశ్శబ్దమైపోయింది. అమ్మ చీర చెంగుతో విసురుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ, అది ఆగిపోనాది కదా. కరెంటు నేపోతే అదో ఇనప డబ్బా. వచ్చి కూకోండి కాసేపు" అంది.

నాన్న నా వైపు చూశాడు, చదువుకున్నదాన్ని కదా. బళ్లో ఇనప మేకుకి రాగి తీగ చుట్టి బేటరీ తగిలిస్తే అది అయస్కాంతమయ్యేది, బేటరీ తీసేస్తే మళ్లీ వట్టి మేకు. ఆ పాఠం చెప్పాను. నాన్న బుద్ధిగా అంతా విని, పంచె దులుపుకుని, కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఆయన ఒక పిల్లదాని ముక్కుపుడక పూర్తి చేశాడు. పని చేస్తున్నంతసేపూ గొంతులో ఏదో కూనిరాగం. కరెంటు వచ్చి ఫ్యాను కదిలిన మరుక్షణం చేతిలోది కింద పెట్టి, లేచి బయటికి నడిచాడు. కరెంటు ఉన్నంతసేపూ మెషిన్ ఆపడానికి లేదు, పట్టీలు పెద్ద కొట్లకి వేళకి అందాలి. అప్పటినుంచి అదే ఆయన కొలువు. ఊరంతా కరెంటాఫీసు వాళ్లని తిట్టిపోస్తుంటే మా నాన్న ఒక్కడే దీవించేవాడు. "ఈయేడు వానల్లేవు, కోత పెంచుతారంట" అని ఎవరైనా బాధగా చెబితే "అలాగా!" అని సంబరంగా అనేసి, నాలిక్కరుచుకునేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో కోత తీసేశారనుకోండి, ఇక ఆయనకి అన్నం సయించేది కాదు. మళ్లీ జనం రావడం మొదలుపెట్టారు. "కరెంటు పోయినప్పుడు రండి, ఉంటాను" అని చెప్పేవాడు, అదేదో పెద్ద ఆఫీసు టైమన్నట్టు. మనిషి ఒళ్లు చేశాడు కూడా. మేమూ నవ్వుతూ తిరిగాం.

ఒకరోజు మెషిన్ తిరగడం మానేసింది. దాన్ని అమ్మిన కొట్టువాళ్లు విశాఖపట్నం నుంచి మెకానిక్‌ని పంపారు. నాన్న టీ తాగడానికి సెంటరు వైపు వెళ్లాడు. మెకానిక్ ప్లగ్గు పీకేసి, పైమూత విప్పాడు. లోపల గుండ్రటి పళ్లెం, దాని మీద బిళ్లల్లాగా అతికించి ఉన్నాయి అయస్కాంతాలు. అతను స్క్రూడ్రైవర్ అలా దగ్గరికి తెచ్చాడో లేదో, టక్కున లాగేసుకుంది. రెండు చేతులతో పట్టి ఊడదీయాల్సి వచ్చింది.

"ప్లగ్గు తీసేశారు కదండీ?" అన్నాను.

"దానికీ దీనికీ ఏటి సంబంధం మేడమ్? ఇవి ఎప్పుడూ అయస్కాంతాలే. కరెంటు వీటిని తిప్పుతాది, అంతే."

అమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. రోజూ మెషిన్ ఆపి ఆ గిన్నె ఎత్తేటప్పుడు కింద నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఉండేది. గిన్నెలో సూదులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని ఉండేవి. ఆగిపోయిన మెషిన్‌లో! నేనూ చూశాను, అమ్మా చూసింది. చూసి, సూదులు వడకట్టుకుని, పట్టీలు తుడుచుకుని, ఇంటికి పోయాం.

"ఆయనకి నువ్వే సెప్పు" అంది అమ్మ, మెకానిక్ మెషిన్ బాగుచేసి వెళ్లిపోయాక. గిన్నె తీసుకుని, కడిగిందే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

నాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాక పక్కన కూర్చుని చెప్పాను. పాఠం తప్పు చెప్పానన్నాను. కరెంటు పోయినా అది అలాగే ఉంటుందట, ఇక లోపలికి రావద్దన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మొదట్రోజే తెలిసింది. ఆకురాయి పట్టుకుంటే సెయ్యి అటేపు లాగేది. ఇనప పనిముట్లతో బతికినోడిని, ఆ మాత్రం తెల్దేటి?"

"ఒంట్లో ఏమీ అనిపించలేదా?"

"ఒకోపాలి కల్లు తిరిగీవి. ఎనక్కి జరిగి కూకుంటే సర్దుకునీది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. నడిరోడ్డని కూడా చూసుకోకుండా అరిచాను. "నీకు బుద్ధుందా? మేమేమైపోవాలి? తెలిసి తెలిసి ఎందుకొచ్చావు లోపలికి?" పక్క కొట్టువాళ్లు తల బయటపెట్టి చూశారు. ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయాను.

నాన్న నా వీపు మీద చెయ్యి వేశాడు. "మరెక్కడికెల్లనే గుంటా?" అన్నాడు. "ఊపిరి తీసుకుంటూ ఈ అరుగు మీద కూకోడానికేటి నన్ను బతికించినారు?"

రావద్దంటే ఆయన రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతాడు. రమ్మంటే ఒకేసారి పోతాడేమో. ఎటు చెప్పినా మా నోటితోనే చెప్పాలి. నేను ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఆయన కూర్చున్నాడు, లోపల గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం మామూలు వేళకే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. నాన్న లేవలేదు. తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. అక్కడ అమ్మ నిలబడి ఉంది. మా మాటలు ఎంతవరకు విందో ఏమో, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆవిడ ఒప్పుకోదని నాకు గట్టి నమ్మకం. ఆవిడ ఒప్పుకోకపోతే బాగుండునని, ఆ మాట నేను అననక్కర్లేదని, ఆశ కూడా.

అమ్మ గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

నాన్న పంచె దులుపుకుని లోపలికి వెళ్లి పీట మీద కూర్చున్నాడు. సగంలో ఉన్న మెట్టె తీసి వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. అమ్మ వెళ్లి ఆయనకీ దిమ్మకీ మధ్య ఉన్న ఆ కాస్త చోటులో ఒదిగి కూర్చుంది. వీపు మెషిన్‌కి ఆనించి, భుజాలు వెడల్పు చేసుకుని, చెంగు రెండు వైపులా పరిచి కప్పింది. మనిషి అడ్డం కూర్చుంటే అయస్కాంతం ఆగుతుందా? ఆగదని ఆ కొట్టులో ఉన్న ముగ్గురికీ తెలుసు. నాన్న ఆకురాయి తీసుకుని పని మొదలుపెట్టాడు. కరెంటు వచ్చేదాకా అమ్మ అక్కడినుంచి కదల్లేదు.