పెద్దమ్మను రిలాక్స్ చెయ్యబోతే

నా సైకాలజీ పీజీ ప్రాక్టికల్ కోసం ఇయ్యాల రాంగోపాల్‌పేట్‌ల ఉండే మా పెద్దమ్మను మంచం మీద పండుకోబెట్టి, రిలాక్సేషన్ షురూ చేసిన. "కండ్లు మూసుకో. పిడికిలి బిగించు. వదులు. భుజాలు బిగించు. వదులు."

నా మనసేమో ఇంట్ల సగం రాసి ఇడిచిపెట్టిన కథ మీద, రంగులు ఇంకా ఆరని బొమ్మ మీద, యూట్యూబ్‌ల నేర్చుకుంటున్న ఉర్దూ మీద ఉన్నది.

పెద్దమ్మ కండ్లు తెరిచింది. "జెర మెల్లగ చెప్పు బిడ్డా. నీ మాట వింటుంటే బండి పోతున్నదని ప్లాట్‌ఫారమ్ మీద ఉరుకుతున్నట్టున్నది."

"సారీ పెద్దమ్మా. ఇప్పుడు హాయిగ ఉన్నదా?"

"నేను పొద్దటి సంది హాయిగనే ఉన్న. నువ్వు పండు, నేను చెప్తా."

నన్ను పండుకోబెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టి, "కండ్లు మూయి" అన్నది. మూసిన. అప్పుడే కథల ఆగిపోయిన వాక్యం దొరికింది. రాసుకుందామని ఫోన్ దిక్కు మెల్లగ చెయ్యి జరిపిన.

"అది ఆడనే ఉండనియ్యి" అన్నది పెద్దమ్మ.

రేపు రిపోర్ట్ ఇయ్యాలె. నా మాటలతోని పెద్దమ్మ నెమ్మదించిందని రాస్తే అబద్ధం. పెద్దమ్మ మాటలతోని నేను నెమ్మదించిన అని రాస్తే ఇంకా పెద్ద అబద్ధం. మీరైతే ఏం రాస్తరు? జెర జల్ది చెప్పుర్రి.