ఎస్తేరమ్మ పెట్టనివ్వని ప్రసాదం

ముందు నీళ్ళ చప్పుడు వినబడేది. మగ్గుతో ఎవరో నెమ్మదిగా పోస్తున్నట్టు, ఎనామిల్ బేసిన్‌లో నీళ్ళు పడి, ఆగి, మళ్ళీ పడేవి. వార్డు ఆ చివర మొదలైన చప్పుడు ఒక్కో మంచమే దాటుకుంటూ మా వైపు వచ్చేది. ఏటి ఇసుకలో చెలమ తోడుతుంటే దూరం నుంచి విన్నట్టు ఉండేది. జ్వరంతో రెప్పలు ఎత్తలేనివాళ్ళు కూడా అటువైపు ముఖం తిప్పేవాళ్ళు. ఆ తర్వాతే తెల్లచీర కనబడేది. ఒక రోగిని తాకిన చేతులు కడుక్కోకుండా నర్సు ఎస్తేరమ్మ ఇంకో రోగిని తాకేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. కార్వేటినగరం పక్క పల్లె నుంచి నా తమ్ముడు మునిరత్నాన్ని ఎడ్లబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి, చిత్తూరులో ఒక ఆసుపత్రికి తెచ్చాము. టైఫాయిడ్ అన్నారు. బెల్లం వండే మనిషి వాడు. చెరుకు పాలు కాగే పెనాన్ని ఇంకొకరి సాయంతో అవలీలగా దించేవాడు. అలాంటివాడు దుప్పటి కింద ఒక ముడతలాగా మిగిలాడు. ఆ జ్వరానికి అప్పట్లో సరైన మందు లేదు. "మందు తక్కువ, సేవ ఎక్కువ" అని డాక్టరు మొదటిరోజే చెప్పి, ఎస్తేరమ్మ వైపు చూశాడు.

ఎస్తేరమ్మది గుడియాత్తం దారిలో ఒక పల్లె. తండ్రి చెరుకు కొట్టే కూలి. వేలూరులో నర్సు చదువుకు పోతానంటే, ఊరివాళ్ళ మలమూత్రాలు ఎత్తడానికా చదువు అని సొంతవాళ్ళే నవ్వారట. ఆమె ఆ మాట చెప్పినప్పుడు కోపం లేదు, గర్వమూ లేదు. "ఎత్తాల గదా ఎవరో ఒకరు, సరిగ్గా ఎత్తేది నేర్చుకున్నా" అంది, అంతే. తమ్ముణ్ణి పక్కకు తిప్పి వీపు తుడిచేది. పుండు పడకుండా మడమల కింద మెత్త పెట్టేది. గ్లిజరిన్ అద్దిన గుడ్డతో ఎండిన నాలుక శుభ్రం చేసేది. వాడికి తెలివి ఉన్నా లేకపోయినా, "ఇప్పుడు నిన్ను ఇటు తిప్పుతాండా నాయనా" అని చెప్పే తిప్పేది.

మూడో వారంలో జ్వరం దిగసాగింది. దిగుతూ దిగుతూ వాడి కడుపులో ఒక కార్చిచ్చును వదిలిపోయింది. ఆకలి. గోడమీద పెచ్చులూడిన సున్నం చూసి, "అన్నా, అది దోసె మాదిరి ఉండాది గదా" అనేవాడు. వాడికి పోసేవి బార్లీ నీళ్ళు, మజ్జిగ తేట, బత్తాయి రసం మాత్రమే. అసలు భయం ఇప్పుడేనని ఎస్తేరమ్మ నాతో ముందే చెప్పింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మ అలివేలమ్మ మొక్కు తీర్చుకుని వచ్చింది. అలిపిరి మెట్లెక్కి, దర్శనం చేసుకుని, స్వామి వడను విస్తరాకులో చుట్టి కొంగులో మూటకట్టి, తీర్థాన్ని సీసాలో పట్టి తెచ్చింది. మిరియాల వాసన మా మూలంతా కమ్ముకుంది. తమ్ముడు కళ్ళు తెరిచాడు.

"నర్సమ్మా, ఒక్క తుంట పెడ్తా బిడ్డకి."

"వద్దమ్మా."

"గోరంతే తల్లీ!"

"గోరంత కూడా వద్దు."

"తీర్థమన్నా పొయ్యనీ."

"కాచి పోస్తాను, ఇట్టియ్యండి."

"తీర్థాన్ని కాస్తారా యాడన్నా! స్వామి ఊరుకుంటాడా?"

"బిడ్డ కోసం గదమ్మా, ఊరుకుంటాడు."

పక్క మంచం ముసలాయన కుప్పుస్వామి కిసుక్కున నవ్వి దగ్గులో పడ్డాడు. ఆ నవ్వు అమ్మకు నిప్పులా తగిలింది.

"నీది వేరే దేవుడు గాబట్టి వద్దంటాండావు! మీ గుడి రొట్టె అయితే పెట్టనిచ్చుండవా? మా బిడ్డ ఏమైతే నీకేం? కడుపున పుట్టినాడా?"

ఎస్తేరమ్మ చేతిలో థర్మామీటర్ ఉంది. దాన్ని రెండుసార్లు విదిలించి, తమ్ముడి చంకలో పెట్టి, వాడి చేయి పట్టుకుని నిలబడింది.

"మా గుడి రొట్టె అయినా ఇదే మాటమ్మా. మా పాస్టరయ్యగారే తెచ్చినా ఇదే మాట."

మధ్యాహ్నం గంట కొట్టారు. ఆమె డ్యూటీ అయిపోయింది. తర్వాత వచ్చిన నర్సుకు ప్రతి మంచం సంగతీ చెప్పి అప్పజెప్పింది. కానీ ఇంటికి పోలేదు. స్టూలు లాక్కుని తమ్ముడి మంచం దగ్గర కూర్చుంది.

"ఏం, ఇంటికి పోవా?" అంది అమ్మ.

"మీమీద నాకు నమ్మకం లేదమ్మా. అందుకని."

అమ్మ వడ పొట్లాన్ని ఒడిలోకి లాక్కుంది. మంచానికి అటొకరు ఇటొకరు, మధ్యలో ఆకలి. కిటికీ నుంచి పడిన ఎండ నేలమీద మెల్లగా జరుగుతోంది. మళ్ళీ అమ్మ గొంతు వినబడింది. ఈసారి అందులో పోట్లాట లేదు.

"నా పెద్దకొడుకు కుప్పయ్య ఇట్టనే జొరంతో పోయినాడు. పథ్యం పథ్యమని మా ఊరి వైద్యుడు నీళ్ళు తప్ప ఏం పెట్టనీలేదు. 'అమ్మా, ఇంత సంగటి పెట్టు' అంటా అంటానే కన్ను మూసినాడు. కాలే కడుపుతో పంపించినా నర్సమ్మా. ఈణ్ణి కూడా అట్టే పంపించమంటావా?"

ఇంకెవరైనా అయితే ఓదార్చేవాళ్ళు. అంతా దైవనిర్ణయం అనేవాళ్ళు. ఎస్తేరమ్మ లేచి, వడ చుట్టిన విస్తరాకు అంచున ఒక ముక్క తుంచి, నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక అమ్మ అరచేతిలో పెట్టింది.

"దీంట్లో వేడి ముద్ద పెడ్తే ఏమైతాది?"

"సినిగిపోతాది."

"బిడ్డ పేగు ఇప్పుడు ఇట్ట ఉండాది. లోపలంతా పుండ్లు. చినిగితే నా చేతుల్లో లేదు, డాక్టరు చేతుల్లోనూ లేదు." మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. "మీ పెద్దబ్బాయిది ఏం జొరమో నాకు తెలీదమ్మా. తెలీనిదాని గురించి నేను చెప్పను. ఈ బిడ్డ సంగతి తెలుసు. ఈణ్ణి ఆకలితో పోనియ్యను. గంటగంటకీ ఏదో ఒకటి పోస్తానే ఉంటాం. మీరే పొయ్యండి. నేను చూపిస్తా."

అమ్మ ఆ ఆకు ముక్కను వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. తర్వాత లేచింది. వడను తమ్ముడి రెండు కళ్ళకూ అద్దింది. వాడి చూపు దాని వెంటే పోతుంటే, అటు చూడకుండా, వార్డు బయట కూర్చున్న రోగుల బంధువులకు తుంచి పంచేసింది. ఒక ముక్క ఎస్తేరమ్మ ముందు కూడా చాపింది.

"వార్డులో తినకూడదమ్మా."

"డ్యూటీ అయిపాయె గదమ్మే!"

"వార్డు అయిపోలేదు గదా."

అమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ రోజు నుంచి అమ్మ కూడా సబ్బుతో చేతులు కడుక్కుని, తల ఎలా ఎత్తాలో, చెంచా ఎంత వంచాలో నేర్చుకుంది. పొరపాటు చేస్తే ఎస్తేరమ్మ చెప్పేది, చక్కగా చేస్తే మెచ్చుకునేది కాదు. "మెచ్చుకుంటే నీ సొమ్మేం పోతాదే?" అని అమ్మ సణిగేది. అన్నం పెట్టవచ్చని డాక్టరు చెప్పిన రోజున, మెత్తగా ఉడికించి మజ్జిగతో మెదిపిన అన్నం గిన్నెను ఎస్తేరమ్మ అమ్మ చేతికే ఇచ్చింది. "మీరే పెట్టండమ్మా." అమ్మ మొదటి ముద్ద పెడుతూ, "తిను కుప్పయ్యా" అంది. ఎవరమూ సరిచేయలేదు. తమ్ముడు ఆ పేరుతోనే తిన్నాడు.

వెళ్ళేటప్పుడు అమ్మ ఒక బెల్లం అచ్చు, చీర తెచ్చి ఇవ్వబోయింది. ఎస్తేరమ్మ తీసుకోలేదు. "నాకు జీతం ఉండాది. మీ ఊర్లో నీళ్ళు కాచి తాగమని చెప్పండి, అది చాలు" అంది. అమ్మ బతికినంతకాలం మా వీధిలో ఎవరి ఇంటికి పోయినా ముందు వాళ్ళ నీళ్ళకుండ సంగతే అడిగేది.

నర్సులకు మెత్తని మనసు ఉండాలంటారు. ఉండాలి, నిజమే. కానీ ఈ రోజు నా తమ్ముడు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని తిరుగుతున్నాడంటే, ఒక మధ్యాహ్నం మెత్తబడని ఒక మాట వల్ల. ఆ "వద్దమ్మా"కు మా ఇల్లంతా మొక్కుతుంది.

యుద్ధం ముగిసిన మరుసటేడు ఆమెకు పలమనేరు బదిలీ అయింది. కబురు తెలిసి చిత్తూరు బస్టాండుకు పరిగెత్తాను. పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిపే బస్సు ఇంకా వేడెక్కలేదు. క్లీనర్ చెమటలు కక్కుతూ, బస్సు వెనక బొగ్గుపొయ్యికి గాలికొట్టే చక్రం తిప్పుతున్నాడు. ఎస్తేరమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. తమ్ముడి పెళ్ళి సంగతి చెప్పాను. బరువెంత ఉన్నాడని అడిగింది. బస్సు కదలబోతుండగా, అన్నేళ్ళుగా నాలో ఉండిపోయిన ప్రశ్న అడిగేశాను. అమ్మ ఆ రోజు అన్ని మాటలంటే మీకు ఏడుపు రాలేదా?

ఆమె మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"రాకేమప్పా, ఇంటికి పోయినాక బాగా ఏడ్చినా. వార్డులో ఏడిస్తే థర్మామీటర్లో గీత యాడ కనిపిస్తాది?"