ఆలస్యంగా పడిన చప్పట్లు

మొన్న సాయంత్రం బెంజ్ సర్కిల్లో ఉన్నట్టుండి వాన దంచింది. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులోకి స్కూటర్లవాళ్ళు పదిమంది దాకా దూరారు. వాళ్ళ రెయిన్‌కోట్ల నుంచి కారిన నీళ్ళు గుమ్మం దగ్గర మడుగు కట్టాయి. తడిసిన రబ్బరు, చెమట కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, తుడుస్తున్న అద్దం చేతిలో అలాగే ఉండిపోయింది. దానియేలు మాస్టారు పక్కనే నిలబడి ఉన్నట్టనిపించింది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. ఉయ్యూరులో సంగీతం టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. పొట్టి మనిషి, పెద్ద చెవులు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక 'తొలకరి' అని ఒక బృందం పెట్టారు. అందులో వాన పాటలు తప్ప మరేవీ పాడకూడదు. స్టేజీ ఎక్కితే అందరూ పసుపురంగు రెయిన్‌కోట్లు వేసుకోవాలి. పాటలన్నీ ఆయన కట్టినవే. మే నెల ఎండలో, ఎవరిదో పెళ్ళి పందిట్లో, ఆ కోట్లు వేసుకుని పాడుతుంటే లోపల ఉడికిపోయేవాళ్ళం. "వాన రాకపోతే ఏవమ్మా, మనం తడుస్తూనే ఉన్నాం కదా!" అని చెమట తుడుచుకుంటూ నవ్వేవారు.

మేమందరం ఆయన దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళమే. తరవాత పొట్టకూటి కోసం తలోదిక్కూ పోయాం. డోలక్ హైదరాబాదు వెళ్ళింది, గిటారు బెంగుళూరు వెళ్ళింది. భవానీపురంలో నేనొక్కదాన్నే మిగిలాను. ఇక ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్లలోనే సాధన. మొదటివారం అందరం ఒకేసారి గొంతెత్తాం. ఒకరి గొంతు ఇంకొకరికి చేరేసరికి ఆలస్యం, దాన్ని అందుకోబోతే ఇంకా ఆలస్యం. పాట చేపల సంతలా తయారైంది. మాస్టారు చెవులు మూసుకుని, "ఆపండమ్మా, ఆపండి! అందరూ నోళ్ళు మూసుకుని పాడండి," అన్నారు. అదే మా పద్ధతి అయిపోయింది. ఆయన మైకు ఒక్కటే తెరిచి ఉండేది. ఆయన చప్పట్లు కొడుతూ కూనిరాగం తీసేవారు. మేమందరం మ్యూట్‌లో ఉండి, ఇయర్‌ఫోన్లలో ఆ చప్పట్లు వింటూ పాడేవాళ్ళం. మా గొంతులు ఆయనకు వినపడవు, పెదాలు మాత్రం కనపడతాయి. "విమలా, రెండో చరణంలో ఊపిరి ముందే తీసుకున్నావు," అని నా పెదాలు చూసే పట్టేసేవారు.

ప్రతివాళ్ళూ పక్కన ఇంకో ఫోను పెట్టుకుని ఎవరి గొంతు వాళ్ళు రికార్డు చేసి నాకు పంపేవారు. వాటిని కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి పాటగా చెయ్యడం నా పని. ఈ విషయంలో మాస్టారిది ఒకటే పట్టు. ఎవరైనా లయ తప్పితే ఆ మనిషే మళ్ళీ పాడాలి, నేను కంప్యూటర్లో జరిపి సరిచెయ్యకూడదు. "నువ్వు జరిపితే పాట బాగుపడుద్దమ్మా, మనిషి బాగుపడడు," అనేవారు.

రెండేళ్ళపాటు ప్రధాన గొంతు నాదే. అప్పుడొచ్చాడు నాంచారయ్య. పెడన నేతవాళ్ళ అబ్బాయి, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఊళ్ళో మగ్గం సాగక సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. నలుగురు ఉండే గది, పక్కనే రాత్రీ పగలూ మగ్గాల మోత. ఆ మోతలో మాస్టారి చప్పట్లు వినపడాలని ఇయర్‌ఫోన్ల శబ్దం ఆఖరిదాకా పెంచి పాడేవాడు. మొదటిసారి వాడు పంపిన పాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే కడుపు మండింది. ఏ మలుపు దగ్గర నేను నాలుగు వారాలు కుస్తీ పట్టానో అక్కడ వాడు నీళ్ళు తాగినంత సులువుగా దాటేశాడు.

ఆ తరవాత ఆదివారాలన్నీ నాకు నరకమే. "ఒరేయ్ నాంచారయ్యా, ఆ మలుపు ఇంకోసారి పాడు, మైకు తెరువు, అందరూ వింటారు," అనేవారు మాస్టారు. నా మైకు తెరవమని రెండేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదాయన. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని నవ్వుతూనే అన్నాను ఒకసారి. మాస్టారు నవ్వలేదు. నాంచారయ్య మాత్రం, "అక్కా, నీ పాటలు వినే నేర్చుకున్నానక్కా!" అన్నాడు. వాడలా మంచిగా మాట్లాడటం నాకు ఇంకా మంట. ఒక్క చెడ్డమాట అన్నా తిట్టుకోవడానికి వీలుండేది కదా అనిపించేది.

అంతలో మాకు మొదటి పెద్ద స్టేజీ దొరికింది. కృష్ణ ఒడ్డున, వానాకాలం మొదట్లో, వెయ్యిమంది ముందు. ప్రధాన గొంతు ఎవరిదో తేల్చడానికి మాస్టారు మా ఇద్దరిచేతా ఒకే పాట పాడించారు. రెండూ తయారు చెయ్యమని నాకే ఇచ్చారు. వచ్చే ఆదివారం అందరూ విని చెబుతారు.

నేను వాడి గొంతును కంప్యూటర్లో వెనక్కి జరిపాను. ఎంతో కాదు, రెప్పపాటులో సగం. తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేరు, ఏదో ఈడ్చుకుంటున్నట్టు మాత్రం ఉంటుంది. చేస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే బాగుండేది కానీ, వణకలేదు.

ఆదివారం అందరూ విన్నారు. గిటారు అబ్బాయి, "నాంచారయ్య కొంచెం వెనకపడుతున్నాడండీ," అన్నాడు. డోలక్ ఆయన కూడా అవునన్నాడు. మాస్టారు కళ్ళు మూసుకుని ఇంకోసారి వెయ్యమన్నారు. విన్నాక నాంచారయ్యే అన్నాడు, "మగ్గాల మోతలో చెవులు పాడైనట్టున్నాయండీ. నాకు సరిగ్గానే ఉన్నట్టనిపిస్తుంది, మరి మీ అందరికీ తెలుస్తుంది కదా. అక్కనే పాడమనండి." వాడి మొహం చూడలేక నేను నా కెమెరా ఆపేశాను. కార్యక్రమానికి రావడానికి తీసుకున్న బండి టిక్కెట్టు రద్దు చేసుకుంటానని కూడా అన్నాడు.

ఆ సాయంత్రమే మాస్టారు ఫోను చేశారు.

"విమలా, ఒక సందేహం. నాంచారయ్య పాట వెనకాల సన్నగా చప్పట్లు వినపడుతున్నాయి, విన్నావా?"

"లేదండీ."

"వాడి ఇయర్‌ఫోన్లలోంచి బయటికొచ్చిన నా చప్పట్లమ్మా. వాడు నా చప్పట్లమీదే ఉన్నాడు, వెంట్రుకవాసి తప్పలేదు. కానీ నా చప్పట్లే డోలక్ కన్నా ఆలస్యంగా పడుతున్నాయి. ఆ డోలక్ ఆయన కూడా నా చప్పట్లు వినే కదా వాయించింది? నేను ఒక్కడినే ఇద్దరికి రెండు రకాలుగా ఎలా కొట్టానంటావు?"

నేను ఏడ్చాను. ఓర్వలేకపోయానండీ, వాడు పాడుతుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుందండీ అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఓర్వలేకపోవడం ఎవరికి లేదమ్మా? పాటలు పేర్చడం నీకొచ్చు, నాకు రాదు. దానికి నీమీద ఎంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు!" అన్నారు. గొంతు మారింది. "కుళ్ళుకో. ఎంతైనా కుళ్ళుకో. కానీ వాడి చెవులు పాడైపోయాయని వాడు నమ్ముతున్నాడు. అది మాత్రం నువ్వే సరిచెయ్యాలి. నేను చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పు."

నేను చెప్పలేదు. కార్యక్రమం వచ్చింది, పసుపు కోటు వేసుకుని ప్రధాన గొంతు నేనే పాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగి రాగానే మాస్టారు మంచినీళ్ళ సీసా అందిస్తూ మెల్లగా అడిగారు, "చెప్పావా?" లేదండీ అన్నాను. తల ఊపి డోలక్ సర్దడానికి వెళ్ళిపోయారు. నాంచారయ్య ఆదివారాలు రావడం తగ్గించి, చివరికి మానేశాడు. మాస్టారు మాత్రం అప్పుడప్పుడూ ఫోను చేసేవారు. యోగక్షేమాలయ్యాక ఆ ఒక్కమాటే అడిగేవారు, "చెప్పావా?" ఒక్కసారి కూడా కసరలేదు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఆయనే చెప్పేసి ఉండాల్సింది, నామీద అంత నమ్మకం పెట్టుకోవడం ఆయన తప్పేనని ఇప్పటికీ కోపం వస్తుంది నాకు. నిరుడు గుండెనొప్పితో పోయారు. ఉయ్యూరులో సమాధి దగ్గర వానలో నిలబడి ఉంటే, ఇక ఆ మాట అడిగేవాళ్ళు లేరన్న తేలికదనం ఒక్క క్షణం కలిగింది నాకు. అలా కలిగినందుకు సిగ్గుపడ్డంతగా ఇంక దేనికీ సిగ్గుపడలేదు.

ఆ వారంలోనే నాంచారయ్యకు ఫోను చేసి అంతా చెప్పాను. వాడు తిట్టలేదు. "అయితే నేను లయ తప్పలేదా అక్కా?" అన్నాడు. ఒక్కచోట కూడా తప్పలేదన్నాను. "మాస్టారు ఫోను చేసినప్పుడల్లా, నీ లయ నిక్షేపంలా ఉందిరా, పాడరా అనేవారక్కా. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నారనుకున్నా. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నా," అన్నాడు. ఫోను పెట్టేశాడు. అయిదు నెలలు మాట్లాడలేదు.

తరవాత ఒక ఆదివారం వాడే వచ్చి చేరాడు. ఎందుకు వచ్చాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఇప్పుడు చప్పట్లు కొట్టేది నేను, ప్రధాన గొంతు వాడిది. నా అసూయ ఎక్కడికీ పోలేదు. ఆ మలుపు దగ్గర వాడి పెదాలు కదులుతుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది. కానీ ఎవరి పాటనీ జరపను. లయ తప్పినవాళ్ళకి ఫోను చేసి మళ్ళీ పాడమంటాను. వాడు ఎప్పుడో గానీ తప్పడు. తప్పినప్పుడు, "నాంచారయ్యా, మూడో చరణంలో ఆలస్యమయ్యావు, మళ్ళీ పాడు," అంటాను. వాడు వెంటనే సరే అనడు. కోపమేమీ లేకుండానే, ప్రతిసారీ ఒక్క మాట అడుగుతాడు.

"నిజంగానేనా అక్కా?"